గోడ మీది షజ్రా

బందరులో మా ఇంటి వసారా గోడకి ఒక అద్దాల పటం ఉండేది. అందులో ఉర్దూలో రాసిన షజ్రా. మా తాతల పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ప్రవక్త ఇంటిదాకా పోతాయి. అలిఫ్ బే రాకముందే మేము సయ్యదులమని నేర్చుకున్నాం. కుతుబ్‌షాహీల నాడు ఈ రేవు నుంచి ఎర్రసముద్రానికి ఓడలు నడిచేవి. ఆ ఓడల్లోనే మావాళ్లు ఇక్కడికి వచ్చారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. సాక్ష్యమేమిటంటే ఆ పటమే.

చలికాలం ముందు గుడివాడ నుంచి పరుపులు కుట్టే నూర్‌బాషా సాయిబు వచ్చేవాడు. దూది ఏకుతుంటే ఆ చప్పుడు వీధంతా వినబడేది. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు. ‘ఉర్దూ రానివాడు సగం ముసల్మాను’ అని పిల్లలం నవ్వుకునేవాళ్లం. తండ్రి వయసువాడిని ‘వాడు’ అనేవాళ్లం. ఆ సగం ముసల్మాను అయిదు పూటలా నమాజు చేసేవాడు. మేము జుమ్మాకి జుమ్మాకి చేసేవాళ్లం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. 10 వేల మందికి పైగా పోయారు. మేమింకా పుట్టలేదు. దాదా బియ్యం, బట్టలు తీసుకుని అవనిగడ్డ వైపు వెళ్లిన కథ మాత్రం వందసార్లు విన్నాం. అక్కడ జనాజా నమాజు జరిగిన సంగతీ విన్నాం. “సయ్యదులం కదా, మనమే ముందుండాలి” అనేవారు దాదా.

దాదా పోయాక అబ్బా అసలు మాట చెప్పారు. ఆ రోజు ముందు నిలబడింది దాదా కాదు. ఆయనకి దువాలు తడబడ్డాయట. గుడివాడ నుంచి సాయానికొచ్చిన ఆ పరుపులాయనే ముందుకొచ్చి నాలుగు తక్బీర్లూ చెప్పారు. దాదా ఆ బురదలో ఆయన వెనక సఫ్‌లో నిలబడ్డారు. ఇంటికొచ్చాక ఆ మనిషి కథలోంచి జారిపోయారు.

1992 తర్వాత బయటివాళ్లు మమ్మల్ని చూసే చూపు గురించి ఎన్నో రాశాం. మా లోపలి చూపు గురించి ఒక్క ముక్క రాయలేదు. దూదేకులవాళ్లు ఎప్పటినుంచో బీసీ-బిలో ఉన్నారు. 2007లో ముస్లింలలోని మరికొన్ని కులాలను బీసీ-ఇలో చేర్చి, సయ్యదుల్ని బయట ఉంచారు. ‘ఇస్లాంలో కులాలేమిటి?’ అని పేపర్లో రాసేశాం.

మూడేళ్లు తిరక్కుండానే చెల్లెలికి గుడివాడ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి టీచరు, దీన్‌దార్. పెద్దలు అడిగిన మొదటి మాట ‘ఏ ఖాందాన్?’ నూర్‌బాషాలని తెలిశాక రెండో మాట అడగలేదు. కులాల్లేవని రాసిన మేము ఆ గదిలోనే కూర్చుని చాయ్ తాగాం. గ్లాసు ఖాళీ అయినా నోరు పెగల్లేదు. తలుపు చాటున చెల్లెలు ఉంది.

ఇబ్లీసు అల్లాను కాదనలేదు. ఇబాదతులో అతనికి తక్కువేం లేదు. తాను నిప్పులో పుట్టానని, మట్టిలో పుట్టిన ఆదం ముందు వంగనని మొరాయించాడు. అంతే, షైతాను అయ్యాడు. ఈ కథ మేము ఎందరికో చెప్పాం. అందులో మేమెక్కడున్నామో చూసుకోలేదు.

మొన్న సున్నం వేయించేటప్పుడు పటం దించి మళ్లీ పెట్టలేదు. చెల్లెలు వచ్చి ఖాళీ గోడకేసి చూసింది.

“దించింది పటాన్నేగా, భాయ్‌జాన్?” అంది.

మా దగ్గర జవాబు లేదు.