విషాన్ని మోసుకుపోయే మొక్క



పేడ, చెత్త, రాలిన ఆకు, ఏది పడినా మట్టి అరిగించుకుంటుంది. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం మాత్రం దానికి అరగవు. అవి కుళ్లవు, కాలిపోవు. తాత కాలంలో పడిన సీసం మనుమడి కాలానికీ ఆ చేలోనే ఉంటుంది. ఫ్యాక్టరీ మురుగు పారిన పొలాలున్న కుటుంబాలు మన సంఘంలోనూ ఉన్నాయి గనుక ఈ సంగతి కొంచెం శ్రద్ధగా చదివాను.

అమెరికాలోని ఫ్లోరిడాలో, కలపకు చెద పట్టకుండా ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన స్థలం ఒకటుంది. ఆ విషపు నేలలో ఒక ఫెర్న్ మొక్క పచ్చగా పెరుగుతోంది. లీనా మా అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు దాన్ని పరీక్షించి 2001లో నేచర్ పత్రికలో ప్రకటించారు. ఆర్సెనిక్ కలిపిన మట్టిలో పెంచి చూస్తే, కిలో ఎండుటాకులో 20 గ్రాములకు పైగా ఆ విషం తేలింది. ఆ జాతి ఫెర్న్ మన దేశంలోనూ ఉంది. పాత బావుల రాతి సందుల్లో, తడి గోడల నెర్రెల్లో మొలుస్తుంది. మనం పీకి పారేసేదే!

అయితే ఆ మొక్క విషాన్ని చంపలేదు. మోసింది, అంతే. ఆకు అక్కడే రాలితే విషం మళ్లీ ఆ నేలకే. మేక మేస్తే మేకలోకి. పొయ్యిలో పెడితే పొగలోకి. చేతికి తొడుగులు వేసుకుని కోసి, ఊరికి దూరంగా భద్రం చేసే మనిషి ఉంటేనే పని పూర్తవుతుంది.

లేవీయకాండము 16వ అధ్యాయంలో ప్రజల పాపాలను తలమీద మోపించుకుని అరణ్యానికి వెళ్లిన మేకను గూర్చి చాలా ప్రసంగాలు విన్నాం. దాన్ని తోలుకెళ్లిన మనిషి ఊసు తక్కువ. అతడు బట్టలు ఉదుక్కుని, స్నానం చేస్తే గాని పాళెములోకి రాకూడదు. మోసేది ఒకటి, దాన్ని వెలుపలికి చేర్చేవాడు ఒకడు. మన ప్రభువు తానే మోసి, తానే గవిని వెలుపలికి వెళ్లాడు. మొక్కతో పోలిక ఇంతవరకే. దానికి ఏళ్లు పడుతుంది, ఆయన ఒక్కసారే ముగించాడు.

ఒక సహోదరుడు, "అయ్యగారండీ, పొద్దుతిరుగుడో ఆవాలో వేస్తే నేల బాగవుతుందట, నూనె గింజలూ వస్తాయి గదా?" అని అడిగాడు. ఆశ మంచిదే, ఆ లెక్క మాత్రం ప్రమాదం. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత జనం ఎంతో ఆశతో పొద్దుతిరుగుడు నాటారు. అక్కడి వ్యవసాయ శాఖ పరీక్షిస్తే, ఆ మొక్కలు నేలలోని సీజియంలో రెండు వేల వంతుల్లో ఒక వంతే తీసుకున్నాయి. పైమట్టి గీకి తీయడమే బాగా పనిచేసింది. ఆవ మొక్క సీసాన్ని లాగుతుంది, నిజమే. కానీ మట్టి సీసాన్ని గట్టిగా పట్టుకుంటుంది. విడిపించడానికి రసాయనం వేస్తే అది బావి నీళ్లలోకి దిగవచ్చు. అలా శుద్ధి కోసం వేసిన ఆవాలు పోపులోకి రాకూడదు, ఆ ఆకు కూరకు పనికిరాదు, గొడ్లకు వేయకూడదు.

ముందు నేలలో ఏముందో తెలియాలి. మన భూసార కార్డులో 12 అంశాలు చూస్తారు, వాటిలో సీసం గానీ ఆర్సెనిక్ గానీ లేవు. భార లోహాల పరీక్ష అని విడిగా అడగాలి. కాలువ పక్క పొలాలవారు శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక కాసేపు ఆగండి. ఎవరి చేలో ఎన్నిచోట్ల మట్టి తీయాలో మాట్లాడుకుని, అందరివీ కలిపి ఒకేసారి పంపుదాం.