గవాచి కింద వంటిల్లు

తాడిపత్రి దగ్గర పడుతోందనగానే రోడ్డుకి రెండు పక్కలా బండల ఫ్యాక్టరీలు మొదలవుతాయి. రంపం కింద నీళ్లు పారుతూ, కోసిన నల్ల బండలు వరసగా నిలబెట్టి ఉంటాయి. దగ్గరి పల్లెలో పాత మిద్దెను కూలగొట్టకుండా బాగుచేసుకుంటున్న దంపతులు వంటగట్టుకి బండ ఎంచుకుంటుంటే నేనూ వెంట వెళ్లాను.

ఫ్యాక్టరీ ఆయన అద్దంలా మెరిసే పలక చూపించాడు. ఇంటావిడ ఒప్పుకోలేదు. "పాలిష్ తక్కువ పెట్టన్నా. చేయి పెడితే రాయని తెలియల్ల."

ఆమె మాటలో వండే మనిషి అనుభవం ఉంది. ఈ బండ సున్నపురాయి. నిమ్మరసమో చింతపండు పులుసో పడి ఆరితే తెల్ల మచ్చ తేలుతుంది; మెరుపు ఎక్కువైన కొద్దీ ఆ మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సగం పాలిష్ బండకు అప్పుడప్పుడు కాస్త నూనె రుద్దితే నలుపు తిరిగొస్తుంది. నేలకైతే అసలు పాలిషే వద్దంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొరలుగా పేరుకున్న రాయి, ఉలి దెబ్బకి పలకలుగా లేస్తుంది. అలా లేచిన ముఖం మీది మిట్టపల్లాలు అరికాలికి తెలుస్తాయి, తడిలోనూ కాలు జారదు.

ఇంటికి వెళ్లాం. చౌడు మన్ను కప్పిన మిద్దె, మందపాటి గోడలు. ఎప్పుడో పొగ పోవడానికి కప్పులో పెట్టిన గవాచిని సీలింగుతో మూసేసి, గోడల నిండా అల్మారాలు కొట్టించారట. పట్టపగలే లైటు వేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడవన్నీ పీకేశారు. గోడల్లోని గూళ్లు బయటపడ్డాయి. పోపుల పెట్టె, ఉప్పు జాడీ వాటిలోకి చేరాయి. టైల్స్ లేవు, సున్నపు పూతే. పైనుంచి వెలుగు ఏటవాలుగా జారినప్పుడు మేస్త్రి తాపీ ఆడించిన గీతలన్నీ గోడ మీద లేచి కనిపించాయి. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

మినిమలిజం అంటే తెల్ల లామినేటు, పిడుల్లేని సొరుగులు అని పత్రికల్లో చూసి చూసి అలవాటైంది. ఇక్కడ కొత్తగా కొన్నవి బండ, గవాచి మీదికి అద్దం, అంతే.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే అనంతపురం ఎండకి అద్దం ఏమిటని అడిగాను. మేస్త్రి పైకెక్కించి చూపించాడు. అద్దాన్ని కప్పుకి ఆనించకుండా ఇటుకల మీద ఎత్తి పెట్టాడు. వేడిగాలి, పోపు ఘాటు సందుల్లోంచి పోతాయి. మండుటెండలో పైన చాప కప్పుతారు. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే ఉండే జిల్లా, అయినా పడ్డప్పుడు కుమ్మరిస్తుంది. అందుకే చుట్టూ జానెడు గట్టు కట్టి, అద్దాన్ని దాని అంచులు దాటేలా పరిచాడు.

పొయ్యి చోటు మీద మాత్రం వాదన నడిచింది. జల్లు కొడుతుంది, పక్కకి జరుపుదామని మేస్త్రి. గిన్నెలో పోపు రంగు కనబడాలంటే గవాచి కిందే ఉండాలని ఇంటావిడ అత్తగారు. ఆమె మాటే నెగ్గింది. గ్యాస్ గొట్టానికి అటువైపు గోడలోనే మేస్త్రి బెజ్జం కొట్టడం మొదలుపెట్టాడు.