బల్లమీద మిగిలిన బేరింగు

ఇంగ్లండు దేశమున 1957వ సంవత్సరమున లోటస్ సెవెన్ అను చిన్న కారు వెలువడెను. ఉక్కుగొట్టముల చట్రము, దానిపై అల్యూమినియపు రేకు, ఇద్దరు ఒదిగి కూర్చుండుటకు చోటు. ఇంతకు మించి దానియందు చెప్పదగినది లేదు. తలుపులు సైతము లేవు. ఆ దినములలో సిద్ధమైన క్రొత్త కారును కొన్నవారు ప్రభుత్వమునకు కొనుగోలు పన్ను చెల్లింపవలసి యుండెను. భాగములుగా కొని ఇంటియొద్ద కూర్చుకొన్నవారికి ఆ బాధ లేదు. కాని కూర్చు విధమును తెలుపు పుస్తకమును జతపరచరాదను నియమ మొకటి యుండెనట. అందుచే ఆ కారును రూపొందించిన కాలిన్ చాప్‌మన్, విప్పు విధమును వ్రాయించి యిచ్చెననియు, కొన్నవారు దానిని కడనుండి మొదటికి చదువుకొనిరనియు నేటికిని చెప్పుకొందురు. చమత్కారము బాగుగనే యున్నది. కాని విప్పువాడు మరచుటకు ఏమియు నుండదు. కూర్చువాని సంగతి వేరు.

ఆ పన్ను 1973లో రద్దయ్యెను. ఆ యేడే కారును చేయు హక్కు కేటర్‌హామ్ అను సంస్థకు సంక్రమించెను. పన్ను లాభము పోయినను స్వహస్తములతో కారు కూర్చుకొను ముచ్చట పోలేదు. ఆ సంస్థ నేటికిని దానిని విడిభాగములుగా అమ్ముచునే యున్నది.

పన్ను ఉన్న కాలమున ఒక చిరుద్యోగి అట్టి కారును కొనెను. పాత ఫోర్డు కారునుండి 1172 సి.సి. ఇంజనును, గేరుబాక్సును సంపాదించెను. శీతకాలమంతయు ఇంటి వెనుక షెడ్డులో దీపము వెలుగుచుండెడిది. పండ్రెండేండ్ల కుమారుడు స్పానర్లు అందించుచుండెను.

ఇంజనును గేరుబాక్సును ముందు బయటనే కలిపి, పిమ్మట రెంటిని ఒక్కటిగా చట్రములోనికి దింపవలయును. ఆ రెంటికి నడుమ నుండునది క్లచ్చు. గేరుబాక్సు షాఫ్టు క్లచ్చు ప్లేటు నడిమి పండ్లలో దూరి, దాని కొన ఇంజనులోని చిన్న బేరింగులో కూర్చుండవలయును. ప్లేటు సరిగా నడుమ లేనిచో షాఫ్టు పోదు. ఆ తండ్రి కొయ్యముక్కను చెక్కి, దానితో ప్లేటును నడుమకు తెచ్చి, బోల్టులను ఎదురెదురుగా బిగించెను. అయినను గేరుబాక్సు అంగుళము దూరమున నిలిచిపోయెను.

బోల్టులతో లాగినచో చేరదా యని ఆశ పుట్టును. అట్లు లాగినవారు పెట్టె చెవులు విరుగగొట్టుకొందురు. పెట్టె బరువును షాఫ్టుపై వ్రేలాడవిడిచినచో ప్లేటు వంగిపోవును. ఈ సంగతి యెరిగినవాడగుటచే అతడు లాగలేదు. చేతులు వణకుచున్నను బరువును మోయుచునే నిలిచెను.

“నాన్నా, ఇది...” అని కుమారు డేదో అనబోయెను.

“మాటలాడకు! తోకను పట్టుకో” అని తండ్రి గద్దించెను.

గేరు వేసి, వెనుక షాఫ్టును మెల్లగా త్రిప్పగా, పండ్లు పండ్లలో ఇమిడి పెట్టె చప్పున చేరెను. ఆ యానందమున అతనికి చలి తెలియలేదు.

సాయంకాలము చెయిన్ కప్పీతో ఇంజనును ఎత్తి, తోక క్రిందుగా వాల్చి, అంగుళమంగుళముగా దింపిరి. రేకునకు దెబ్బ తగులకుండ పాత కంబళి కప్పిరి. వాల్చినపుడు తోకనుండి నూనె కారిపోవును గనుక గేరుబాక్సులో నూనె పోయలేదు. పక్కల వ్రేలెడు సందు మాత్రమే మిగిలెను. రాత్రి తొమ్మిదింటికి చివరి బోల్టు బిగిసెను.

చేతులు తుడుచుకొనుచు తండ్రి బల్లవైపు తిరిగెను. నూనెకాగితములో చుట్టిన వలయ మొకటి అచట నుండెను. పెడలు నొక్కినపుడు క్లచ్చును విడదీయు బేరింగు అది. అది లేనిదే గేరు మార్చుట కల్ల. దాని చోటు, ఇప్పుడు మూసివేసిన పెట్టెలోపల.

“దీనిని నీవు చూచితివా?”

“చూచితిని. చెప్పబోతిని. మాటలాడవద్దంటిరి.”

తండ్రి చాలసేపు పలుకలేదు. దీపమార్పి ఇద్దరును ఇంటిలోనికి పోయిరి.

మరునాడు ఆదివారము. బోల్టులన్నియు విప్పి, ఇంజనును మరల పైకెత్తి, గేరుబాక్సును ఊడదీసిరి. బేరింగును కుమారుడే తన చేతులతో తొడిగెను. పెట్టెను మరల కలుపబోవుచు తండ్రి ఆగి వానివంక చూచెను. బాలుడు బల్లనంతటిని ఈ కొసనుండి ఆ కొసవరకు పరికించి, క్రిందికి వంగి నేలను గూడ చూచి, “ఏమియు మిగులలేదు” అనెను.