పరీక్ష వేరు, ఆట వేరు

పెళ్ళిచూపుల్లో ఒక పాట పాడించుకుని, పిల్ల బాగుందని తేల్చేయడం మన ఇళ్ళల్లో ఒకప్పుడు మామూలే. పాట బాగానే ఉండొచ్చు. కానీ తరువాతి ముప్ఫయ్యేళ్ళ సంసారంలో 'ఇప్పుడు పాడు' అని ఎవరూ చెప్పరు కదండీ! ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఆ పిల్లే కనిపెట్టుకోవాలి. చదరంగం ఆడే కంప్యూటర్లకూ ఇలాంటి పెళ్ళిచూపులున్నాయని మా అక్కయ్య కొడుకు చెబితే తెలిసింది.

వాడు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. సెలవులకి అనకాపల్లి వచ్చి, మా ఇంట్లో కూర్చుని చదరంగం ప్రోగ్రాము రాస్తున్నాడు. అది ఎంత గట్టిదో చూడ్డానికి కొన్ని చిక్కు స్థితులిచ్చి, "సరైన ఎత్తు వెయ్యి" అంటారట. 1982లోనే బ్రాట్కో, కోపెక్ అనే ఇద్దరు 24 స్థితులతో ఇలాంటి పరీక్ష ప్రచురించారు. ఒక్కోదానికి రెండు నిమిషాల గడువు. సగం వాటిలో ఎత్తుకు పైఎత్తు లెక్కగట్టి దెబ్బ తియ్యాలి. తక్కిన సగంలో బంటును అదను చూసి తోసి, ఎదుటివాడి బంట్ల వరుసను కదిలించాలి. ఆనాటి యంత్రాలు మొదటి దాంట్లో గట్టివి, రెండోదాంట్లో తడబడేవి. లోటు ఎక్కడుందో ఆ పరీక్ష పట్టిచ్చింది. అంతవరకూ మెచ్చుకోవలసిందే.

మావాడు ఒక మార్పు చేశాడు. రాజుకు చెక్ చెప్పే ఎత్తులన్నిటినీ ఇంకా లోతుగా చూడమన్నాడు. ప్రోగ్రాము చిక్కులన్నీ చకచకా విప్పేసింది. తీరా పాతదానితో రాత్రంతా ఆడిస్తే, పాతదే ఎక్కువ ఆటలు గెలిచింది!

కారణం వాడే చెప్పాడు. పరీక్షకని ఏరిన ప్రతి స్థితిలోనూ ఏదో ఒక దెబ్బ దాగి ఉంటుంది. అసలు ఆటలో చాలాసార్లు ఏమీ ఉండదు, నిదానంగా నెట్టుకురావాలి. లేని దెబ్బ కోసం వెతుకుతూ కొత్తది కాలమంతా ఖర్చుపెట్టేసిందన్నమాట.

అలాగని పది ఆటలు చూసి తేల్చడానికీ లేదు, అదృష్టం కలిసిరావచ్చు. స్టాక్‌ఫిష్ అనే పేరున్న ప్రోగ్రాములో ఒక చిన్న మార్పు నిలబడాలన్నా, ఔత్సాహికులిచ్చిన కంప్యూటర్ల మీద వేలకొద్దీ ఆటలు ఆడిస్తారు. 2013 నుంచీ ఇదే పద్ధతి. మనుషుల సంగతైనా అంతే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయిందంటే, చిక్కులు విప్పినందుకు కాదు, వరుసగా ఆటలు ఆడి గెలిచినందుకు.

మా ఊరి మార్కెట్లో బెల్లం దిమ్మ గిల్లి నోట్లో వేసుకుంటే తీపి తెలుస్తుంది. వానాకాలం దాకా నిలుస్తుందో లేదో తెలియదు. గిల్లి చూడ్డం తప్పు కాదు, అదొక్కటే చాలనుకోవడంలోనే ఉంది తంటా.

ఈమధ్య ఒక కంపెనీవాళ్ళు గంట పరీక్ష పెట్టి, మావాడు పనికిరాడని తేల్చేశారు. అప్పటినుంచీ అక్కయ్యకి నిద్ర లేదు. "నీ ప్రోగ్రాము సంగతే నీకూ వర్తిస్తుంది కదరా, దిగులెందుకు?" అన్నాను.

"దానికి వెయ్యి ఆటలు ఆడే అవకాశం ఇచ్చాను పిన్నీ! నన్ను ఒక్క ఆటైనా ఆడనివ్వాలి కదా?" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి, అక్కయ్యకి ఫోన్ చేస్తాను.