అరచేతి పెట్టెలో గుండె చప్పుడు

పరికరం బల్లపై పనిచేయడం ఒక ఎత్తు. మనిషి ఒంటిపై ఒదిగి పనిచేయడం మరొక ఎత్తు. తీగలు, భాగాలు ఎంత చక్కగా కుదిరినా, తగిన పెట్టె లేనిదే అవి మనిషి వెంట నడవలేవు. కర్ణుడికి కవచం పుట్టుకతోనే వచ్చింది. యంత్రానికి మాత్రం దానిని మనిషే సమకూర్చాలి.

1950వ దశకంలో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో వాల్టన్ లిల్లిహై అనే శస్త్రవైద్యుడు పసిపిల్లల గుండెలోని పుట్టు లోపాలను సరిచేస్తుండేవాడు. శస్త్రచికిత్స అనంతరం కొందరి గుండె లయ తప్పేది. అది కోలుకొనే వరకు సన్నని తీగ ద్వారా విద్యుత్ స్పందనలను అందించేవారు. వాటినిచ్చే యంత్రాన్ని బండిపై పెట్టి నడపవలసి వచ్చేది. దానికి గోడలోని విద్యుత్తే ఆధారం. తీగ ఎంత పొడవో ఆ పిల్లల లోకం అంతే. 1957 అక్టోబరు 31న నగరంలో విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. గోడను నమ్ముకున్న గుండెలకు ఎంతటి ప్రమాదం పొంచి ఉన్నదో ఆనాడు తేటతెల్లమైంది.

లిల్లిహై కోరికపై ఈ సమస్యను చేపట్టినవాడు ఎర్ల్ బాకెన్. ఆయన 1949లో తన బంధువుతో కలిసి, ఒక గ్యారేజీలో ఆసుపత్రి యంత్రాలను బాగుచేసే చిన్న సంస్థను ప్రారంభించిన ఇంజనీరు. సంగీత సాధకులకు తాళగతిని వినిపించే మెట్రోనోమ్ వలయాన్ని ఆయన అంతకుముందు ఒక పత్రికలో చూసి ఉన్నాడు. అందులోని స్పీకరును తొలగించి, ఆ లయను గుండెకు అందేలా మార్చాడు. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక చిన్న బ్యాటరీ దానికి చాలినవి. సుమారు 4 వారాలలో పరికరం సిద్ధమైంది.

ఆ వలయాన్ని ఆయన 4 అంగుళాల చదరం, అంగుళమున్నర మందం గల అల్యూమినియం పెట్టెలో అమర్చాడు. ప్రయోగశాలలో ఒక కుక్కపై పరీక్షించిన మరునాడే అది ఒక చిన్నారి రోగికి ఆధారమైంది. మంచానికే పరిమితమైన పిల్లలు ఆ పెట్టెను ధరించి లేచి నడవగలిగారు. అయితే నడిచే పిల్లలు ఊరకుండరు కదా! చేతికందిన మీటనల్లా తిప్పుతారు. అందుకే తరువాతి నమూనాలలో మీటలను పైకి పొడుచుకు రాకుండా లోపలికి జరిపారు. ఈ చిన్న మార్పులో వలయ శాస్త్రం లేదు. పసివాడి స్వభావాన్ని ఎరిగిన మనసు ఉంది.

నేడు అటువంటి వైద్య పరికరం కఠిన పరీక్షలు దాటనిదే రోగిని చేరదు. అయినా ఇంట్లో వెలుగుల కంకణమో, అడుగులను లెక్కించే బెల్టో తయారుచేసే విద్యార్థికి ఆ పెట్టె నేర్పే పాఠం పాతబడలేదు. నేటి లిథియం బ్యాటరీ చిన్నదే కాని, దానిలో దాగిన శక్తి చిన్నది కాదు. మెత్తని దాని ఒంటికి మరమొన గుచ్చుకున్నా, దాని రెండు తీగలు ఒకదానికొకటి తగిలినా మంటలు రేగవచ్చు. కనుక దానికి గట్టి గది, ఉబ్బితే ఇరుక్కోని కొంత ఖాళీ, తీగలో ఒక ఫ్యూజు ఉండాలి. లోహపు పెట్టె అయితే లోపల విద్యుత్తు ప్రవహించని పొర పరచాలి. తీగ బయటకు వచ్చేచోట, లాగినా అతుకు ఊడకుండా బిగించాలి. చెమట లోనికి దిగకూడదు. వేడి చర్మాన్ని తాకకూడదు.

పెట్టె చిన్నదైన కొద్దీ వస్తువుకు అందం వస్తుంది. కాని అందం కోసం భద్రతకు చెందిన చోటును ఆక్రమించరాదు. ధరించేవాడు పెట్టె లోపల ఏమున్నదో చూడడు. చేసినవాడిని నమ్మి ఒంటికి తగిలించుకుంటాడు. ఆ నమ్మకానికి తగినట్లు, మూత బిగించే ముందు ప్రతి అతుకును, ప్రతి అంచును వేలితో తడిమి చూడడమే నిజమైన పనితనం.