బరువు చూచి ఇంజను ఆయిలు కొనవచ్చునా?

ఈ రోజులలో మన పల్లెటూళ్ళలో మోటారు సైకిలో, ఆటోనో, ట్రాక్టరో లేని వీధి అరుదు. అయితే వాటి ఇంజనులో పోసే ఆయిలు విషయంలో మనకు చాలా వరకు విన్న మాటలే ఆధారము. "బరువుగా ఉన్నదే మంచి ఆయిలు" అన్నది అట్టి మాటలలో ఒకటి.

సంఘ పనిమీద బండిపై ఊళ్ళు తిరిగే మాకు మెకానిక్కు షెడ్డు బాగా అలవాటైన చోటు. ఒకనాడు అక్కడ ఆటో నడుపుకొని బ్రతికే తమ్ముడొకడు రెండు లీటరు డబ్బాలను పక్క కిరాణా కొట్టు కాటా మీద తూచి తెచ్చాడు. రెండూ సింథటిక్ ఆయిళ్ళే. "అయ్యగారూ, ఇది తేలికగా ఉన్నది, కల్తీదేమో" అన్నాడు. ఇంజను పట్టేస్తే ఆ ఇంట పొయ్యి వెలగదు గనుక అతని భయం అర్థం చేసుకోదగినదే.

లీటరు నూనె ఎంత తూగుతుందో చెప్పేది సాంద్రత. మామూలు ఖనిజ ఆయిలు లీటరు సుమారు 870 నుండి 890 గ్రాములు తూగుతుంది. సింథటిక్ ఆయిళ్ళకు వాడే పాలీఆల్ఫా ఓలెఫిన్ అనే మూల నూనె 820, 830 గ్రాములే. ఎస్టరు జాతి నూనెలు 900 దాటుతాయి. అంటే బరువు ఆ నూనె దేనితో చేయబడినదో కొంత చెబుతుంది గాని, మంచిదో కాదో చెప్పదు. తేలికైన ఆ మొదటి రకమే గడ్డకట్టే చలిలో సులువుగా పారుతుంది, వేడికి తక్కువగా పలుచబడుతుంది. ఎస్టరు లోహాన్ని బాగా అంటిపెట్టుకొంటుంది. మోతాదు మించితే కొన్ని రబ్బరు సీళ్ళను ఉబ్బించగలదు.

బరువు వేరు, చిక్కదనం వేరు. ఆముదం ఎంత చిక్కనిదైనా నీటిమీద తేలుతుంది. పాదరసం నీటికంటే 13 రెట్లకు పైగా బరువు, అయినా జలజల పారుతుంది. ఇంజనులో లోహానికి లోహానికి మధ్య పొరగా నిలిచేది చిక్కదనమే. సాంద్రతకు అందులో పాత్ర లేకపోలేదు. కాని 840, 870 గ్రాముల ఆయిళ్ళ మధ్య ఆ తేడా నూటికి మూడు నాలుగు వంతులే. 20డబ్ల్యు-40 లోని 40 అనే అంకె క్రిందనే, 100 డిగ్రీల వేడిలో చిక్కదనం 12.5 నుండి 16.3 సెంటీస్టోక్సుల వరకు ఉండవచ్చును. ఈ తేడా ముందు ఆ బరువు తేడా ఎంత?

ఆ తమ్మునితో మేము, "కాటా మాని, బండితో ఇచ్చిన పుస్తకం తెరువు నాయనా" అన్నాము. అందులోని అంకె తేలికగా ఉన్న డబ్బా మీదనే కనబడింది. సీలు చూచి దానినే పోయించుకున్నాడు.

గనుక ఆయిలు కొనేటప్పుడు కంపెనీ పుస్తకంలోని గ్రేడు చూడండి. క్లచ్చి కూడా అదే ఆయిలులో తిరిగే మోటారు సైకిలుకు డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదేమో చూడండి. వాడిన ఆయిలును వడగట్టి మరల నింపి అమ్మేవారున్నారు. అది తూకంలో మంచి ఆయిలుకు దగ్గరగానే ఉంటుంది. అందుచేత సీలున్న డబ్బాకు బిల్లు అడిగి తీసుకోండి. ఖాళీ అయిన డబ్బాను కోసి పారవేయండి, మరొక కుటుంబం మోసపోకుండా ఉంటుంది.