ఏ తుపాకీకి ఆ ఒర!

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు పెద్దలు. తుపాకీల విషయంలో ఆ మాట ఇంకాస్త నిజం. రెండు కాదు కదా, తనది కాని ఒరలో ఒక్క తుపాకీ కూడా సరిగ్గా ఇమడదు. ఇమిడినట్టు కనిపించిందా... అది ఇంకా ప్రమాదం!

మంత్రిగారి కారు ఆగగానే గబుక్కున దిగే గన్‌మన్‌ నడుం మీదికే పోతాయి పిల్లల కళ్లు. వాళ్లు చూసేది తుపాకీనే. దాన్ని పట్టి ఉంచిన తొడుగును ఎవరూ పట్టించుకోరు. దాని పేరే హోల్‌స్టర్‌. చూడ్డానికి ఓ తోలుముక్క, లేదంటే ప్లాస్టిక్‌ ముక్క. చేసే పని మాత్రం చిన్నది కాదు. మనిషి వంగినా, పరిగెత్తినా తుపాకీ జారకూడదు. ట్రిగ్గర్‌ మీదికి వేలే కాదు, చొక్కా అంచు కూడా పోకూడదు.

జారితే ఏమవుతుంది?

ప్లాక్సికో బరెస్‌ను అడిగితే తెలుస్తుంది. అమెరికన్‌ ఫుట్‌బాల్‌లో పెద్ద స్టార్‌. 2008 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్‌లో న్యూయార్క్‌ జెయింట్స్‌ను గెలిపించిన బంతిని అందుకుంది ఆయనే. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్‌లోని ఓ నైట్‌క్లబ్‌కు వెళ్లాడు, ప్యాంటు నడుం దగ్గర గ్లాక్‌ పిస్టల్‌ దోపుకుని. హోల్‌స్టర్‌ లేదు. పిస్టల్‌ కాలి మీదుగా కిందికి జారింది. పట్టుకోబోయాడు. అంతే... పేలింది. తూటా ఆయన తొడలోంచే దూసుకుపోయింది. ఆ నగరంలో తుపాకీ పెట్టుకునే లైసెన్సూ లేదు. 2009లో రెండేళ్ల జైలుశిక్ష పడింది.

మన దేశంలోనూ అలాంటి వార్త చదివాం. 2024 అక్టోబరు 1న ముంబయిలో నటుడు గోవిందా కాల్లో తూటా దిగింది. లైసెన్సు ఉన్న సొంత రివాల్వరే, సర్దుతుండగా చెయ్యి జారిందన్నారు.

అస్థిపంజరమే అసలు కొలత

సరే, హోల్‌స్టర్‌ కొనాలి. ఏ సైజు? చెప్పుల్లాగా ఏడో నంబరు, ఎనిమిదో నంబరు అంటే కుదరదు. ఇక్కడ కొలత అంతా 'ఫ్రేమ్‌'దే. ఫ్రేమ్‌ అంటే తుపాకీకి అస్థిపంజరం. గొట్టం, ట్రిగ్గర్‌, పిడి అన్నీ దానికే అమరి ఉంటాయి.

పిస్టళ్లలో సాధారణంగా చెప్పుకునేవి మూడు: ఫుల్‌సైజు, కాంపాక్ట్‌, సబ్‌కాంపాక్ట్‌. గ్లాక్‌నే తీసుకోండి. ఫుల్‌సైజు 17 గొట్టం 114 మిల్లీమీటర్లు. కాంపాక్ట్‌ 19ది 102. సబ్‌కాంపాక్ట్‌ 26ది 87. అంకె పెరిగేకొద్దీ తుపాకీ పెద్దదవుతుందనుకుంటే ఇక్కడే బోల్తా పడతాం!

ఈ మూడూ ఒకే ఇంటి అన్నదమ్ములు. కాబట్టి 17 కోసం చేసిన ఒరలో 19 కూర్చుంటుంది, చివర కాస్త ఖాళీ మిగులుతుంది. 19 ఒరలో 17ను పెడితే గొట్టం కొస బయటికి పొడుచుకొస్తుంది. ఒర అడుగు మూసి ఉందా, అసలు పూర్తిగా దిగనే దిగదు. మరో కంపెనీ పిస్టల్‌ అయితే ఈ చుట్టరికం కూడా చెల్లదు. పొడవు సరిపోయినా ట్రిగ్గర్‌ చుట్టూ ఉండే కమ్మీ వంపు వేరు. గట్టి ప్లాస్టిక్‌ ఒరలను తుపాకీ నమూనా మీదే వేడిచేసి అచ్చుపోస్తారు. చాలావాటికి పట్టు దొరికేది సరిగ్గా ఆ వంపు దగ్గరే. పిస్టల్‌ కింద చిన్న టార్చిలైటు బిగించినా పాత ఒర పనికిరాదు.

రివాల్వర్ల లెక్క వేరు. స్మిత్‌ అండ్‌ వెసన్‌ కంపెనీ ఫ్రేములకు అక్షరాలు పెట్టింది. జె చిన్నది, కె మధ్యస్తం, ఎల్‌ దానికన్నా కాస్త పెద్దది, ఎన్‌ ఇంకా పెద్దది. 1899లో వచ్చిన కె ఫ్రేమ్‌ రివాల్వర్లో ఆరు తూటాలు పట్టేవి. కోటు కింద దాచుకోవడానికి వీలుగా 1950లో వచ్చిన జె ఫ్రేమ్‌లో అయిదే. రెండు రకాల్లోనూ రెండంగుళాల గొట్టం ఉన్నవి తయారయ్యాయి. గొట్టం పొడవు ఒకటే కదా అని ఒకదాని ఒర రెండోదానికి తొడగబోతే చక్రం దగ్గర తేడా కొడుతుంది. ఆరు తూటాల చక్రం లావు, అయిదు తూటాలది సన్నం. పెద్దది ఇరుక్కుంటుంది. చిన్నది వదులై కదులుతుంది. అందుకే గొట్టం పొడవు ఒక్కటే చెబితే చాలదు. ఫ్రేమ్‌ చెప్పాలి, మోడల్‌ చెప్పాలి.

ముందు పరీక్ష... తర్వాతే బేరం

కొనేముందు తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూసుకోవాలి. ఒరలో పెట్టాక ట్రిగ్గర్‌ పూర్తిగా కప్పి ఉందా? తలకిందులు చేసి కాస్త ఊపితే నిలుస్తోందా? తుపాకీ తీశాక ఒర నోరు తెరుచుకునే ఉంటోందా, ముడుచుకుపోతోందా? ఈ మూడోది చాలామంది చూడరు. వాడగా వాడగా మెత్తబడిన తోలు అంచు లోపలికి మడతపడితే, తుపాకీని తిరిగి పెట్టేటప్పుడు అదే ట్రిగ్గర్‌ను నొక్కేస్తుంది. పాతబడిన తోలు ఒర మీద మమకారం పనికిరాదు.

మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. లైసెన్సున్నా నలుగురిలోకి తీసుకెళ్లడానికి పద్ధతి ఉంది. చేతితుపాకీని హోల్‌స్టర్‌లోనో, అలాంటి తొడుగులోనో, సంచిలోనో పెట్టుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి. 2016 నాటి ఆయుధాల నిబంధనలు చెబుతున్నది ఇదే. పెళ్లి ఊరేగింపుల్లో రొమ్ము విరుచుకుని నడుం దగ్గర పిస్టల్‌ పిడి చూపించేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఇంకొక్క మాట. ఎంత చక్కగా అమరినా హోల్‌స్టర్‌ నడుం మీద ఉన్నంతసేపే కాపలా. ఇంటికొచ్చి, దాన్ని తుపాకీతో సహా బల్ల మీద పెట్టేస్తే ఆ కాపలా తీరిపోయినట్టే. పసివాడి చేతికి ఒర అడ్డం కాదు. అక్కడ కావాల్సింది తాళం!